జత లేని పదకొండోవాడు

3 ఆగస్టు 1987, సోమవారం. కరీంనగర్.

దొరికింది. సాయంత్రం నాలుగూ పదికి దొరికింది. టైము ఎందుకు రాస్తున్నానంటే రేపు ఎవరైనా అడగవచ్చు.

ఐదు స్పిన్ల వలయం, తర్వాత ఏడు, తొమ్మిది, పదకొండు. నాలుగింటి గ్యాపులూ గ్రాఫు కాగితం మీద గుర్తు పెట్టి గీత లాగితే ఆ గీత తిన్నగా సున్నా మీదికి దిగింది. ఏదో ఒక్క బిందువు దగ్గర కాదు, అడ్డు క్షేత్రం బలహీనంగా ఉన్నంత మేరా అంతే. గ్యాప్ ఒక్కచోటే మూసుకుంటుందని పుస్తకాలన్నీ చెబుతాయి. నా వలయంలో ఒక దశకు దశే గ్యాప్ లేకుండా ఉంది. అంటే ఇది కొత్త దశ, మంచు, నీరు, ఆవిరి లాగా పదార్థానికి ఇంకో స్థితి. చెప్పులు బయట విడిచి దేవుడి గదిలోకి పోయినట్టు పోవలసిన మా కాలేజీ కంప్యూటర్ గదిలో, నలభై ఆరేళ్ల ఫిజిక్స్ లెక్చరర్ దయాకర్‌రావుకు, ఒక కొత్త దశ కనిపించింది.

డిసెంబర్ 31 లోగా థీసిస్ ఇవ్వాలి. పీహెచ్‌డీకి పేరు రాయించుకుని ఇది పదో ఏడు. ఇదే ఆఖరి గడువని యూనివర్సిటీ వాళ్లు రెండుసార్లు రాశారు. మూడోసారి రాయరట, పేరే కొట్టేస్తారట. ఇవ్వకపోతే పదేళ్లూ గంగలో కలిసినట్టే. ఇప్పుడు ఆ ఫికర్ లేదు.

పదకొండు దగ్గర ఆపాను. పన్నెండు మెషీన్‌లో పట్టదు. ఎనిమిది, పది కూడా చేయొచ్చు కానీ అవసరమనిపించలేదు. శుభమా అని మొదలుపెట్టే పనికి సరి సంఖ్య ఎవరు పెడతారు? మా అవ్వ ముత్తయిదువల చేతిలో ఖర్జూరాలు పెట్టినా పదకొండే పెట్టేది.

4 ఆగస్టు

మళ్లీ లెక్క వేయించాను. ఉంది.

9 ఆగస్టు, ఆదివారం

దేవకికి చెప్పాను. పెళ్లయి ఇరవై ఏళ్లయింది, ఒక్కసారైనా నేనేం చేస్తున్నానో ఆమెకు తెలియాలి కదా.

చిన్న చిన్న అయస్కాంతాలు ఒకే వరుసలో ఉంటాయి, వాటినే స్పిన్లంటాం అన్నాను. వరుస కొసలు రెండూ కలిపితే వలయం. ప్రతి ఒక్కటీ పక్కదానికి ఎదురు ముఖం పెట్టాలని చూస్తుంది. ఒకటి పైకి చూస్తే దాని పక్కది కిందికి. ఇప్పుడు అడ్డంగా ఇంకో అయస్కాంత బలం పెడతాం. ఆ బలం పెంచుతూ పోతే ఒకచోట వరుస మొత్తం తన స్వభావం మార్చుకుంటుంది. మంచు కరగాలంటే వేడి కావాలి, దీనికి వేడి అక్కరలేదు, పరమశూన్యం దగ్గర కూడా మారుతుంది. ఇక గ్యాప్ అంటే వరుసను కదిలించడానికి కావలసిన కనీస శక్తి. అది సున్నా అయితే ముట్టుకుంటే చాలు, వరుస కదిలిపోతుంది. చాలా చక్కగా చెప్పానని నాకే అనిపించింది.

దేవకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"వేడి లేకుంట, లొల్లి లేకుంట, వరుసకు వరుసే ఒక్కపారి మారుడు డెబ్బై ఎనిమిదిల మన ఊర్ల సూసినం గదా" అన్నది. "గంతదానికి కంప్యూటర్ ఎందుకు?"

దానికీ దీనికీ ఏం పోలిక? డెబ్బై ఎనిమిదిలో ఒక పొద్దున మా గడికి, కోటలాంటి మా దొరల ఇంటికి, ఎవరూ పనికి రాలేదు. పాలు పిండేవాడు రాలేదు, బట్టలు ఉతికేవాళ్లు రాలేదు, గడ్డం గీసేవాడు రాలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ కర్ర ఎత్తలేదు. రాలేదంతే. జనార్దన్ అన్నయ్య ఒక నెల చూసి కరీంనగర్‌కు మకాం మార్చేశాడు. అది రాజకీయం. ఇది భౌతికశాస్త్రం. చిక్కుడుకాయ కూర మాత్రం బాగుంది.

16 ఆగస్టు

అన్నయ్యతో ఊరికి పోయి వచ్చాను. బస్సు దిగగానే ఒకతను "నమస్తే రావు సారూ" అన్నాడు. అన్నయ్య ముఖం మాడ్చుకున్నాడు. నాకేం బాధ లేదు. కాలం మారింది, దొరా అని ఎందుకంటారు? ఆ పిలుపు ఆగిపోయిన సంవత్సరమే నేను పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాను. రెండింటికీ సంబంధం లేదు.

పేరు ముందు డాక్టర్ అని ఉంటే ఎవరైనా డాక్టర్ సాబ్ అనే అనాలి, అది వేరే సంగతి.

నన్ను ఇంకా దొరా అనేవాడు సిద్దిరాములు ఒక్కడే. మా ల్యాబ్ అటెండర్. మా ఊరివాడే, నా ఈడువాడే. వాళ్ల బాపు రాజయ్య మా గడిలోనే ఉండేవాడు, ఇంటి మనిషి లెక్క. సిద్దిరాములును ఈ కాలేజీలో పెట్టించింది నేనే. అట్లా పిలవొద్దని వాడికి చాలాసార్లు చెప్పాను. చాలాసార్లంటే రెండుసార్లు.

8 సెప్టెంబర్, మంగళవారం

ఒక పిచ్చి మాట విన్నాను. రాసి పెట్టుకుంటే పోతుందని రాస్తున్నాను.

ల్యాబ్‌లో మూడో సంవత్సరం పిల్లలకు నా వలయం గీసి చూపించాను. పదకొండు బాణాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. పిల్లలు బెల్ కొట్టేదాకా ఓపికగా కూర్చుని పోయారు. సిద్దిరాములు బోర్డు తుడవడానికి వచ్చి, డస్టర్ చేతిలో పట్టుకుని, తుడవకుండా నిలబడ్డాడు. పెదవులు కదుపుతూ బాణాలు లెక్కపెడుతున్నాడు.

"దొరా, గిందుల పదకొండు గుర్తులున్నయి" అన్నాడు. "ఒకడు పైకి, ఒకడు కిందికి అనుకుంట పోతే ఆఖరోడు ఎటు జూడాలె? ఎటు జూసినా ఒక పక్కోని లెక్కనే జూస్తడు గదా."

వాడు ఊళ్లోనూ, ఇక్కడ వాళ్ల వాడకట్టులోనూ కోలాటం జట్టుకు పెద్ద. కోలాటంలో ఒకడి ముఖం లోపలికి, పక్కవాడి ముఖం బయటికి ఉంటుందట. జతలు సరిగ్గా ఉండాలట, ఒకడు ఎక్కువైతే వాడిని కూర్చోబెడతారట. పదకొండుగురితో ఆట నడవదట.

బోర్డు తుడవమన్నాను. తుడిచాడు.

9 సెప్టెంబర్

దాని గురించి ఆలోచించడం లేదు.

10 సెప్టెంబర్

ఇవాళ కూడా ఆలోచించలేదు.

12 సెప్టెంబర్

టీలో చక్కెర ఎక్కువైందని సిద్దిరాములు మీద కేకలేశాను. టీ చేసింది క్యాంటీన్ వాళ్లు. కానీ తెచ్చింది వాడే కదా.

20 సెప్టెంబర్, ఆదివారం

సాయంత్రం ఊరికే నడుచుకుంటూ పోయాను. ఎటు పోతున్నానో చూసుకోలేదు. చూస్తే సిద్దిరాములు వాళ్ల వాడకట్టు. మా ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు ఉంటుంది.

కోలాటం నడుస్తోంది. పన్నెండు మంది ఉన్నారు. వాడు నన్ను చూసి ఆట ఆపాడు. ఎందుకొచ్చారని అడగలేదు. నాకు కుర్చీ వేయించి, జట్టులోంచి మల్లన్న అనే అతన్ని పక్కకు పిలిచి, మిగిలిన పదకొండుగురిని ఆడమన్నాడు. వాళ్లు నవ్వారు. వాడు నవ్వలేదు.

రెండు చరణాలు కూడా పోలేదు. ఒకడి కోల గాలిని కొట్టింది. వాడు గబుక్కున పక్కవాడి కోలకు తన కోల తగిలించాడు. అప్పుడు ఆ పక్కవాడి జతగాడు ఒంటరైపోయాడు. వాడు ఇంకొకడి వైపు తిరిగాడు. తప్పు అట్లా ఒకరి నుంచి ఒకరికి పోతూ వలయమంతా చుట్టి మళ్లీ మొదటివాడి దగ్గరికి వచ్చింది.

"గా జత లేనోడు ఒక్కకాడ ఆగడు దొరా" అన్నాడు సిద్దిరాములు. "ఒకని జత గుంజుకుంటడు, గప్పుడు ఇంకోడు ఒంటరైతడు. గట్ల సుట్టు తిరుగుతనే ఉంటది. ఎవని తప్పు అంటే ఎవనిదని జెప్తం?"

అలా తిరగడానికి ఏ బలమూ అక్కరలేదు. ముట్టుకుంటే చాలు, తిరుగుతుంది. నేను కుర్చీలోంచి లేచి ఇంటిదారి పట్టాను.

ఎక్కడికి పోయారని దేవకి అడిగింది. నడకకు అన్నాను.

6 అక్టోబర్

సెలవులని చెప్పి పదహారు రోజులు కంప్యూటర్ గది వైపు పోలేదు. ఇవాళ పోయాను. ఆరు, ఎనిమిది, పది స్పిన్లతో చేశాను.

గ్యాప్ మూసుకోలేదు. పుస్తకాల్లో ఎక్కడ మూసుకుంటుందని ఉందో ఆ ఒక్క బిందువు దగ్గరే మూసుకుంటోంది. మిగతా అంతటా ఉంది, నిక్షేపంగా ఉంది.

7 అక్టోబర్

కొత్త దశ లేదు.

8 అక్టోబర్

ఆకలి లేదు. మూడు రొట్టెలే తిన్నాను.

11 అక్టోబర్, ఆదివారం

నిజం రాసుకుందాం. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఎదురెదురు ముఖాల వలయానికి సరి సంఖ్య తీసుకోవాలని ఏ దేశంలో ఏ పిల్లవాడికైనా తడుతుంది. బేసి అయితే ఒక జత చెడి తీరుతుంది. ఆ చెడిన చోటు వలయం చుట్టూ హాయిగా తిరుగుతుంది, దానికి శక్తి దాదాపు అక్కరలేదు. అందుకే నా గ్యాప్ సున్నా అయింది. నేను కనిపెట్టింది కొత్త దశ కాదు, మా అవ్వ ఖర్జూరాలు. పదికి ఒకటి కలిపితే శుభం అనుకున్నాను. ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు. ఎనిమిది ఒక్కటైనా చేసి చూడాలని తట్టలేదు. చెయ్యి దానంతటదే బేసి వైపు పోయింది.

సిగ్గుగా ఉంది. అంతకంటే సిగ్గు చెప్పింది సిద్దిరాములు కావడం. ఇదే మాట వరంగల్‌లో మా గైడు చెప్పి ఉంటే ఆ సాయంత్రమే ఒప్పుకునేవాడిని. ఒక్క మాటను లెక్క వేసి చూడటానికి నాకు ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను చేసిన పని టీలో చక్కెర చూడటం.

ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, రాశాను.

20 అక్టోబర్

వరంగల్ పోయి గైడు గారికి చెప్పాను. ఆయన గ్రాఫులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తెలిసిన సంగతిని సరి సంఖ్యలతో శుభ్రంగా మళ్లీ చేసి రాయి, అది చాలు అన్నారు. ఆ జత చెడిన చోటు తిరగడం గురించి మాత్రం విడిగా ఒక పేజీ రాయమన్నారు. కొంచెం ఆగి, అందులో అందం ఉంది అన్నారు.

నాకు డెబ్బై రెండు రోజులున్నాయి.

15 నవంబర్

ఆరు, ఎనిమిది, పది అయిపోయాయి. పన్నెండును ముక్కలు చేసి పట్టించే ఉపాయం దొరికింది. సిద్దిరాములు కంప్యూటర్ గది తాళం ముందే తీసి ఉంచుతున్నాడు. ఏం తేలిందని అడగడం లేదు. నేనూ చెప్పలేదు.

2 డిసెంబర్

ఆ పేజీ రాశాను. తొంభై ఒకటో పేజీ. కోలాటం అని రాయలేదు. థీసిస్‌లో కోలాటం ఏమిటి?

30 డిసెంబర్, బుధవారం

ఇచ్చాను. గడువుకు ఒకరోజు ముందు. కట్టలు బస్టాండ్ దాకా సిద్దిరాములే మోసుకొచ్చాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

18 ఆగస్టు 1988, గురువారం

నేనిక డాక్టర్ దయాకర్‌రావును.

వైవాకు మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చెవి సరిగా వినపడదు, ప్రశ్నలు మాత్రం సూదుల్లా ఉన్నాయి. గంటన్నర అడిగారు. చివరికి తొంభై ఒకటో పేజీ తెరిచి, ఈ థీసిస్‌లో మిగతాది కష్టపడి చేసింది, ఇది మాత్రం చూసి చేసింది, ఇది మీకెట్లా తట్టింది అని అడిగారు.

జవాబు నా నోటిదాకా వచ్చింది. మా అటెండర్ చెప్పాడు అనాలి. మూడు మాటలు. మా బాపు కళ్లద్దాల్లోంచి నన్ను చూస్తున్నట్టనిపించింది, ఆయన పోయి పన్నెండేళ్లయినా.

"ఒక సాయంత్రం నడుచుకుంటూ పోతుంటే తట్టింది" అన్నాను.

నడిచిన మాట నిజమే. పెద్దాయన సంతోషంగా తల ఊపి, మంచి ఆలోచనలు నడకలోనే వస్తాయి అన్నారు. తర్వాత అందరూ చేయి కలిపారు.

చిన్న చిన్న దిద్దుబాట్లు చెప్పారు. దిద్దిన పేజీలు మళ్లీ టైపు చేయించి లైబ్రరీ కాపీ సెప్టెంబర్ పది లోగా ఇవ్వాలి.

19 ఆగస్టు

ల్యాబ్‌లో అడుగు పెట్టగానే సిద్దిరాములు అడిగాడు. ఏమడిగిన్రు దొరా అని.

ఏదైనా చెప్పి ఉండవచ్చు. ఏమడిగారో వాడికి ఎట్లాగూ తెలియదు. కానీ వాడు రెండు చేతులతో టీ గ్లాసు అందిస్తూ అడిగాడు, ఎదురుగా బోర్డు ఉంది.

"ఆ పదకొండు సంగతి ఎవరు పట్టుకున్నారని అడిగారు" అన్నాను. "నీ పేరు చెప్పిన."

నా పేరా, గంత పెద్ద సార్ల ముందటనా అన్నాడు. తర్వాత, ఇంటికాడ చెప్పొచ్చునా అని అడిగాడు. చెప్పు అన్నాను. ఇంకేమంటాను?

వాడి కళ్లలో నీళ్లు వచ్చాయి. నేను టీ బల్ల మీద పెట్టేసి క్లాసుకు పోయాను.

22 ఆగస్టు

ఇంటికాడే చెప్పాడనుకున్నాను. కాలేజీ అటెండర్లందరికీ తెలుసు. వాడకట్టుకు తెలుసు. కోలాటం జట్టు వాడి మెడలో బంతిపూల దండ వేసిందట. క్యాంటీన్ హనుమండ్లు నా దగ్గరికి వచ్చి, మా సిద్దిరాములు పేరు వరంగల్ దాకా పోయిందట కదా సార్ అన్నాడు. అవును అన్నాను. ప్రిన్సిపాల్ నవ్వుతూ అదే అడిగారు. అవును అన్నాను. ఒక్క అబద్ధం ఆడినవాడిని, ఇప్పుడు రోజుకు నాలుగు ఆడుతున్నాను.

వాడి పెద్దబిడ్డ ఇంటర్ చదువుతోంది. బాపు పేరు పుస్తకంలో ఎక్కడుందో చూస్తానంటోందట.

23 ఆగస్టు

పుస్తకంలో లేదు.

25 ఆగస్టు

ఉండేట్టు చేయవచ్చు. దిద్దిన పేజీలతో పాటు కృతజ్ఞతల పేజీ కూడా మళ్లీ టైపు చేయిస్తే సరి. అబద్ధాన్ని నిజం చేసుకునే అవకాశం అందరికీ దొరకదు. నాకు దొరికింది, పదహారు రోజుల గడువుతో.

చిక్కు ఒక్కటే. ఆ పేజీ మొదటి వాక్యం బాపు గురించి. "నాలో విద్య పట్ల ప్రేమను నాటిన మా తండ్రిగారికి" అని ఉంది. చివరి వాక్యం దేవకి గురించి. మధ్యలో గైడు గారు, ప్రిన్సిపాల్, అన్నయ్య. సిద్దిరాములును ఎక్కడ పెట్టాలి?

28 ఆగస్టు, ఆదివారం

అన్నయ్యకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"వెట్టి రాజయ్య కొడుకు పేరా? బాపు పేరున్న కాయిదం మీదనా?" అన్నాడు. ఆ తర్వాత చాలా అన్నాడు. బాపు ఆత్మ క్షోభిస్తుందన్నాడు. ఊరు పోయింది, భూమి పోయింది, ఇక కాగితం కూడా వదులుకుంటావా అన్నాడు. చివరికి, కావాలంటే ఆ సిద్దిరాములుకు ఒక జత బట్టలు పెట్టు, అందరూ చూసేట్టు పెట్టు అన్నాడు.

ఆ ఆలోచన బాగానే ఉందనిపించింది. రాసి పెడుతున్నాను: ఒక పూట మొత్తం బాగానే ఉందనిపించింది.

30 ఆగస్టు

అయిదు రకాలుగా రాసి చూశాను. "ల్యాబ్ సిబ్బందికి" అంటే పేరు రాదు. "నా సహచరుడొకరికి" అంటే ఎవరైనా కావచ్చు. దేవకి వెనుక నుంచి చూసి, పేరు రాయడానికి ఎన్ని దినాలు పడతయి, నాలుగే అక్షరాలు కదా అన్నది. లెక్కపెట్టాను. సిద్దిరాములు, అయిదు. ఆమెకు చెప్పలేదు.

3 సెప్టెంబర్

రాశాను. దేవకి వాక్యానికి ముందు. "తొంభై ఒకటో పేజీలోని ముఖ్యమైన ఆలోచన మా ప్రయోగశాలలో పనిచేసే శ్రీ సిద్దిరాములుది. బేసి సంఖ్య చేసే చిక్కును మొదట చూపినది ఆయనే." ఇంగ్లీషులో ఇంకా గంభీరంగా ఉంది. టైపిస్టు లింగమూర్తి చదివి, ఆయన ఎవరు సార్, ప్రొఫెసరా అని అడిగాడు.

ఎంత తేలికగా ఉందో చెప్పలేను. రెండు వారాలుగా పట్టని నిద్ర ఇవాళ పడుతుంది. నేను చెడ్డవాడిని కాదు. బాపు పేరున్న పేజీ మీద రాజయ్య కొడుకు పేరు వేయించానంటే మా ఇళ్లలో ఎవరు చేస్తారు ఇట్లాంటి పని?

5 సెప్టెంబర్, సోమవారం

టైపు చేసిన పేజీని సిద్దిరాములుకు ఇచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్నాను. బిడ్డతో చదివించుకో అన్నాను. పేజీని అరచేతుల మీద పట్టుకుని పోయాడు.

6 సెప్టెంబర్

పొద్దున ల్యాబ్‌లో ఆ పేజీని నా బల్ల మీద పెట్టాడు. మడత పడలేదు, మరక పడలేదు. బిడ్డ మొత్తం చదివి తెలుగులో చెప్పిందట.

చూశావా నీ పేరు అన్నాను.

చూసినం అన్నాడు. మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు, ఇంగ్లీషు రాకపోయినా సరిగ్గా దాని మీదే.

"గీడ మీ బాపు సదువు మీద పాయిరం నేర్పిండని ఉన్నదట గదా దొరా. మన ఊర్ల బడి లేపేయించింది గాయినె గదా. నేను అయిదుల ఆగింది గందుకే. గీ కాయిదం మీద నా పేరుంటే, గది నిజమే అని నేను గూడ సంతకం బెట్టినట్టయితది. నా పేరు తీసేయుండ్రి."

గొంతు పెంచలేదు. కోపం లేదు. చెప్పి, ప్రాక్టికల్స్‌కు గాజు సామాను కడగడానికి పోయాడు.

కూర్చున్నాను. క్లాసు ఉందని పిల్లలు వచ్చి పిలిచారు, పోలేదు.

బడి నాకు గుర్తుంది. గుర్తు లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాకు పదకొండేళ్లుంటాయి. సర్కారు ఒక పంతులును పంపింది. గడి పక్క కొట్టంలో బడి పెట్టారు, సిద్దిరాములూ నేనూ ఒకే చాప మీద కూర్చున్నాం. లెక్కల్లో వాడే ముందు. వరి కోతలకు పిల్లలు పనికి రావడం లేదని బాపుకు కోపం వచ్చింది. ఒక పొద్దున మేం పోయేసరికి కొట్టం కప్పు దాకా గడ్డి నింపి ఉంది. పంతులు మూడు రోజులు చెట్టు కింద చెప్పి, నాలుగో రోజు ఊరు విడిచి పోయాడు. ఆ వారమే నన్ను చదువుకు హైదరాబాద్ పంపారు.

నాకు విద్య మీద ప్రేమ నాటారని రాసినప్పుడు నేను అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. నాకు నాటారు, ఆ మాట నిజమే. ఒక్క నాకే నాటారు.

నేనేదో దానం చేస్తున్నాననుకున్నాను. వాడి పేరును బాపు పేరు పక్కన పెట్టడానికి నాకు ధైర్యం చాలదేమోనని పదిహేను రోజులు చచ్చాను. ఆ పక్కన ఉండడం అతనికి ఇష్టమా అని ఒక్కసారి కూడా అడగలేదు.

7 సెప్టెంబర్

ఒక పేరు పోవాలి. ఏ పేరో అతను చెప్పాడు. తన పేరు తీసేయమన్నాడు. అడిగింది అతనే కాబట్టి తీసేస్తే నా తప్పు ఉండదు. అన్నయ్య సంతోషిస్తాడు. బిడ్డ చూసేసింది కాబట్టి ఆ గొడవా లేదు.

ఇంత చక్కటి దారి దొరికినందుకు నాకు అసహ్యం వేస్తోంది.

8 సెప్టెంబర్

సిద్దిరాములుతో వైవా సంగతి చెప్పాను. నీ పేరు ఆ రోజు చెప్పలేదు, నాకే తట్టిందని అన్నాను, నీతో అబద్ధం ఆడాను అన్నాను. అతను బీకరు తుడుస్తూ విన్నాడు.

తెల్సు దొరా అన్నాడు. పుస్తకంల లేదని బిడ్డకు ఎవరో చెప్పిన్రట. చెప్పి ఉంటే మొదలే రాసి ఉండేవాళ్లు కదా అన్నాడు.

దండ వేసినవాళ్లకు ఏం చెప్పావు అని అడగలేకపోయాను.

10 సెప్టెంబర్, శనివారం

లైబ్రరీ కాపీ ఇచ్చి వచ్చాను.

నిన్న లింగమూర్తి దగ్గర కూర్చుని ఆ పేజీ మళ్లీ టైపు చేయించాను. మొదటి వాక్యం తీసేయమన్నాను. ఏది సార్, నాన్నగారిదా అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి తల ఊపాను. శ్రీ సిద్దిరాములు పేరు అట్లాగే ఉంది. ఆ కార్బన్ కాపీ తీసుకుపోయి అతనికి చూపించాను. ఇప్పుడు ఉంచొచ్చునా అని అడిగాను. అతను మొదటి లైను మీద వేలు పెట్టి, గీడ ఏమున్నదని అడిగాడు. గైడు గారి పేరు అన్నాను. ఉండనీయుండ్రి అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య నా దగ్గరున్న ఇంకో కాపీ తెరిచాడు. బాపు ఏడి అన్నాడు. దేవకి నా వైపు చూసింది.

టైపిస్టు మరిచిపోయాడు అన్నాను.

అన్నయ్య లింగమూర్తిని చాలాసేపు తిట్టాడు. నేనూ తోడుగా రెండు మాటలు కలిపాను. నలభై ఏడేళ్ల వయసులో, ఆయన పోయిన పన్నెండేళ్లకు, మా బాపుకు మొదటిసారి ఎదురు తిరిగాను, అదీ లింగమూర్తి పేరు మీద.